గ్రేస్ మేడం జపాన్ పాటలు

పార్సిల్ అట్ట చింపగానే గుప్పున వాసన కొట్టింది. కాస్త గరుకుగా, పాలిపోయిన గోధుమ రంగులో ఉండే కాగితం వాసన, దాని మీద చిక్కగా పరుచుకున్న నల్ల సిరా వాసన. విజయనగరంలో నేను పనిచేసే ల్యాబులో అది భోజనాల వేళ. క్యారేజీ విప్పకుండా ఆ పుస్తకాన్నే ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. జపాన్ వాళ్లు భయం పుట్టించడానికి గీసే బొమ్మల కథలు అవి. జపాన్ బొమ్మల కథల్ని మాంగా అంటారు. ఆరు నెలలుగా ఈ భాగం కోసం కాచుకుని ఉన్నాను. పక్కన పులిహోర తింటున్న సహోద్యోగిని అట్ట మీద బొమ్మ చూసి, "అన్నం తినే వేళ ఇదేంటండీ బాబూ!" అంటూ కుర్చీ దూరంగా జరుపుకుంది. నాకు నవ్వు ఆగలేదు. పదకొండేళ్ల కిందట నేను కూడా సరిగ్గా ఇలాగే కుర్చీ జరుపుకున్నాను. ఆ రోజు నా ఎదురుగా కూర్చుని, వంకాయ కూర కలుపుకుంటూ, ఎడమ చేత్తో అలాంటి పుస్తకమే పట్టుకుని చదువుతున్న మనిషి గ్రేస్ మేడం. ఆవిడ పోయి రెండేళ్లయింది. మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. చూసి ఉంటే ఈపాటికి మీ ఫోనులో కూడా జపాన్ పల్లెపాటలు నాలుగైనా ఉండేవి.

కోటబొమ్మాళిలో స్టేషనుకి పోయే రోడ్డు పక్కన ఆవిడకి రెండు గదుల రక్తపరీక్షల ల్యాబు ఉండేది. వెనకవైపు ఇల్లు. భర్త సాల్మన్ గారు బడిలో డ్రిల్లు మాస్టారు. పిల్లలు లేరు. ఆదివారం వస్తే ఆవిడ బాప్టిస్టు చర్చిలో హార్మోనియం వాయించేది. మిగతా ఆరు రోజులూ తెల్ల కోటు వేసుకుని జనం రక్తం తీసేది. నేను టెక్నీషియను డిప్లొమా పూర్తి చేసి ఆవిడ దగ్గర పనికి చేరినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మాది భావనపాడు, సముద్రం మీద బతికే ఇల్లు. నా అసలు పేరు నూకరత్నం. టెక్కలిలో చదివేటప్పుడు అందరూ నవ్వుతారని రత్న అని కుదించుకున్నాను. పేరుతోపాటు మాట కూడా మార్చుకున్నాను. మా ఊరి యాస నోట్లోంచి బయటికి రాకుండా పళ్లు బిగించి, పాఠ్యపుస్తకం చదివినట్టు మాట్లాడేదాన్ని.

మొదటి రోజు మెట్లెక్కుతుంటే లోపలి నుంచి ఒక మగ గొంతు వినబడింది. చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది. ఒక్కటే అక్షరాన్ని పట్టుకుని సాగదీసి, వణికించి, పైకి విసిరి, మళ్లీ మెల్లగా కిందికి దించుతున్నాడు. పక్కన ఒక వెదురు వేణువు ఆ గొంతు వెనకే నడుస్తోంది. తాళం లేదు, తొందర లేదు. ఎవరో పోయిన ఇల్లేమో అనుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల గ్రేస్ మేడం స్లైడ్ల మీద రంగు పోస్తూ తల ఊపుతోంది. పొట్టిగా, బొద్దుగా, మందపాటి కళ్లద్దాలతో, యాభైకి దగ్గర్లో ఉన్న మనిషి.

"రా, కూకో. ఎలాగున్నాది పాట?" అంది, నా పేరైనా అడగకుండా.

"ఎవరో ఏడుస్తున్నట్టుగా ఉన్నదండీ" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఏడుపు కాదే! ఈడు గుర్రాల్ని తోలుకుని కొండదారిన ఎలతన్నాడు. ఒక్కడే ఉన్నాడు. ఆ గుర్రానికి, ఆ కొండకి, ఆడికి సరిపోయేటంత పాట. ఇంకోసారి ఇను, గుర్రం కాళ్లు ఇనబడతాయి."

ఇంకోసారి పెట్టింది. చెవులు రిక్కించి విన్నాను. గుర్రం కాళ్లేమీ వినబడలేదు. కానీ ఆవిడ ముఖం చూస్తుంటే, నాకే ఏదో తక్కువైందని అనిపించింది. ఎగ్జిబిషనులో రంగులరాట్నం ఎక్కిన పిల్ల ముఖంలా వెలిగిపోతోంది. ఒక పెద్ద మనిషి ఒక పాట గురించి అంత సంబరపడటం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లకి సంబరం అంటే వలలో చేప పడటమే.

ఆ పిచ్చి ఎలా పట్టుకుందో తర్వాత తెలిసింది. ఆవిడ అన్నయ్య సరుకు ఓడల్లో ఫిట్టరుగా పనిచేసేవాడట. జపాన్ రేవుల్లో దిగినప్పుడు, ఏమిటో తెలియకుండానే, చవగ్గా దొరికాయని ఒక సంచీడు క్యాసెట్లూ రెండు బొమ్మల పుస్తకాలూ కొనుక్కొచ్చి చెల్లెలికిచ్చాడు. క్యాసెట్ల నిండా జాలర్లు, నాట్లు వేసే ఆడవాళ్లు, గుర్రాలు తోలేవాళ్లు పాడుకునే పాటలు. పుస్తకాల నిండా దెయ్యాలు. "ఒక్క అచ్చరం ముక్క రాదు నాకు. అయినా ఆ బొమ్మలు సూసి వొణుకొచ్చింది. అచ్చరం రాకుండానే అంత బయపెట్టినాడంటే ఆడు ఎంత పనోడు అయ్యుండాల!" అనేది. ఇరవై ఏళ్లు ఆ సంచీడు క్యాసెట్లే తిరగామరగా విన్నది. ఫోనులో వీడియోలు వచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. ఏ రాష్ట్రపు పాట, ఎవరు పాడారు, వాయించేది మూడు తీగల వాద్యమా, ఒట్టి వేణువేనా అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేది. మాంగా పుస్తకాలు ఇంగ్లీషులో తెప్పించుకోవడం మొదలుపెట్టింది. సాల్మన్ గారికి ఆ అట్టలంటే హడల్. ఇంట్లో ఏ పుస్తకం కనబడినా బొమ్మ కిందికి ఉండేలా బోర్లా తిప్పేసి, పైన న్యూస్‌పేపరో పప్పు డబ్బానో పెట్టేవారు.

వారం గడవకముందే నా చేతిలో కూడా ఒక పుస్తకం పెట్టింది. తెరిచాను. మొదటి పేజీలోనే ఒక ఇల్లు తగలబడిపోతోంది, అందరూ చచ్చిపడి ఉన్నారు. "కథ మొదట్లోనే అయిపోయినదండీ" అన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఒసే, నువ్వు ఆకర్నుంచి తెరిసినావు. ఇది కుడినుంచి ఎడమకి సదవాల." పుస్తకాన్ని తిప్పి, తన కుర్చీ నా పక్కకి లాక్కుని, గడి గడికీ వేలు పెట్టి చూపించింది. గవ్వల కోసం సముద్రంలో మునిగే ఒక అమ్మాయి కథ అది. ఆమె ఏ గవ్వని చెవి దగ్గర పెట్టుకున్నా తన గొంతే వినిపిస్తుంది. రేపు తను మాట్లాడబోయే మాటలన్నీ ఈ రోజే గవ్వలో వినేస్తుంది. ఒక రోజు తీసిన గవ్వలో ఏ మాటా ఉండదు. ఒట్టి నిశ్శబ్దం. పేజీ చివరి గడిలో ఆ అమ్మాయి మెల్లగా వెనక్కి తల తిప్పుతుంది. కళ్లు పెద్దవైపోతాయి. అంతే. ఏం చూసిందో చూపించలేదు.

నా చేయి ఆగిపోయింది. మేడం నా చెవి దగ్గరికి వంగింది.

"సూసినావా ఆడి తెలివి? అది ఏటి సూసిందో ఈ పక్కన గియ్యలేదు. పేజీ ఎనక ఎట్టినాడు. నువ్వు తిప్పితేనే ఆ దెయ్యం వస్తాది. రప్పించేది నువ్వే!"

"తిప్పకపోతేనో?"

"తిప్పకపోతే మరి రాదు. జల్మంతా నీ ఎనకాలే నిలబడి ఉంటాది."

తిప్పాను. రెండు పేజీలూ నిండిపోయేలా గవ్వల గుట్ట. ప్రతి గవ్వలోంచీ ఒక మనిషి చెవి బయటికి పొడుచుకొచ్చి ఉంది. అవి ఇక మాట్లాడటం మానేశాయి, వింటున్నాయి. కెవ్వుమని అరిచి పుస్తకం విసిరేశాను. బయట వరసలో కూర్చున్న జనం లేచి నిలబడ్డారు. మేడం నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. తర్వాత పుస్తకం దుమ్ము దులిపి, ఆ పేజీలో సన్నటి గీతలు ఎన్ని వేల సార్లు గీసి ఆ నలుపు తెచ్చాడో భూతద్దం పెట్టి చూపించింది. భయం వెనక ఒక మనిషి వంగి కూర్చుని చేసిన పని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం ఇంటికెళ్లే బస్సులో రెండో కథ చదివేశాను.

నా మాటని మొదట సరిచేసింది కూడా ఆవిడే, అదీ ఆ పాటల సాయంతోనే. ఒక ముసలమ్మ రక్తం ఇచ్చి, "ఎప్పుడు రావాల తల్లీ?" అని అడిగితే నేను, "రిపోర్టు సాయంత్రం ఇవ్వబడుతుంది" అన్నాను. ముసలమ్మ తెల్లబోయింది. ఆవిడ వెళ్లాక మేడం కుర్చీ నా వైపు తిప్పుకుంది.

"ఇవ్వ... బడతాదా? ఎక్కడ పడతాదే? పడిన కాడికి పోయి ఏరుకోవాలేటి ఆ ముసిల్ది?"

నాకు సిగ్గేసింది. "మా యాసలో మాట్లాడితే నవ్వుతారు మేడం" అన్నాను. తల మాత్రం ఎత్తలేదు.

ఆవిడ ఫోను తీసి ఒక పాట పెట్టింది. మంచు పడే ఉత్తరాది ఊళ్లలోదట. మూడు తీగల వాద్యాన్ని వాయిస్తున్నాడా, బాదుతున్నాడా అన్నట్టుంది. మీద ఒక ముసలావిడ గొంతు, గరగరలాడుతూ, ధీమాగా. "ఈ పాట దేశం మొత్తం ఇంటాది. అందులో మాటలు ఆ మారుమూల యాసే. పెద్ద పట్నం వోల్లకి సగం అర్తమవదంట. అయినా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ మాట మార్సమని అడగడు. మారిస్తే పాట సచ్చిపోతాదని ఆల్లకి తెలుసు. మరి నీకెందుకే అంత సిగ్గు, నూకరత్నం?" అంది. నా డిప్లొమా కాగితం మీద చూసి ఉంటుంది. ఇంటి బయట పూర్తి పేరుతో నన్నెవరైనా పిలిచి మూడేళ్లయింది. ఆ రోజు నుంచీ ఆవిడ నన్ను రత్న అని ఒక్కసారీ పిలవలేదు.

చర్చిలో కూడా ఆవిడ ఊరుకునేది కాదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో హార్మోనియం ముందు కూర్చోబెట్టి, "తెల్ల మెట్లు ముట్టుకోకు. నల్లయి అయిదే ఉన్నాయి సూడు, ఆటి మీదే ఏలు నడుపు" అంది. నడిపాను. నేను వాయించింది ఏమిటో నాకే తెలియదు, కానీ గదిలోకి ఆ గుర్రాలవాడి కొండ వచ్చేసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని చిన్నపిల్లల్లా అరిచాం. తర్వాతి ఆదివారం ఆవిడ ఒక కీర్తన మొదలుపెట్టే ముందు ఆ నల్ల మెట్ల మీద ఒక చిన్న వరస వాయించేసింది. పాస్టరు గారికి నచ్చింది. సంఘ పెద్ద ఒకాయనకి మాత్రం అనుమానం వచ్చింది. ఆయన అంతకు ముందే ఆవిడ సంచీలో మాంగా అట్ట చూసి ఉన్నాడు. ల్యాబుకే వచ్చి, "దెయ్యాల పుస్తకాలు చదివే చేత్తో దేవుని పాట వాయించవచ్చునా అమ్మా?" అని గంభీరంగా అడిగాడు. ఆవిడని హార్మోనియం దగ్గర నుంచి లేపేస్తారేమోనని నాకు భయమేసింది. మేడం ఆయనకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ప్రభువు దెయ్యాల్ని ఎల్లగొట్టినాడు కదండీ. కల్లు మూసుకుని ఎల్లగొట్టినాడా? ముందు దాన్ని సరిగ్గా సూసినాడు, పేరు అడిగినాడు. నాను ఇంకా సూసే కాడే ఉన్నాను" అంది. ఆయన నవ్వాపుకోలేక నీళ్లు ఒలకబోసుకున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం, ఆ పుస్తకం చర్చికి తేవొద్దని మాట తీసుకున్నాడు. ఆవిడ ఆ మాట నిలబెట్టుకుంది. పాటల గురించి ఆయన ఏమీ అడగలేదు కాబట్టి నల్ల మెట్లు అలాగే మోగుతూ వచ్చాయి.

మా అయ్య పెద్ద వల లాగేటప్పుడు పాట ఎత్తుకుంటాడని నేను మాటవరసకి అన్నది ఆ రోజుల్లోనే. తీరం నుంచే రెండు వైపులా తాళ్లు పట్టుకుని ఊరంతా కలిసి లాగే వల అది. ఒకడు మాట విసురుతాడు, మిగతావాళ్లు హైలెసా అని అందుకుంటారు. నేను చెప్పడం పూర్తి కాకుండానే మేడం లేచి నిలబడిపోయింది.

"మీ అయ్య పాడతాడా? ఇన్నాల్లు నాకు సెప్పకుండా దాసినావా? ఓలమ్మో! నా పక్కనే కూకుని!"

ఆ ఆదివారం ఆరాధన అవగానే, పట్టుచీర కూడా మార్చుకోకుండా, చంకన చిన్న స్పీకరుతో భావనపాడులో దిగింది. ఇసకలో ఎండుతున్న చేపలు, మా గుడిసె, మా అయ్య మొలకి చుట్టుకున్న గావంచా అన్నీ ఆవిడ చూస్తోంది. ఆవిడ చూపు వాటి మీద ఆగనే లేదు. నేరుగా మా అయ్య ముందుకెళ్లి, "ఎర్రయ్య తమ్ముడూ, ఒక పాట తెచ్చినాను. అటెనక నీ పాట నాకియ్యాల" అని స్పీకరు మోగించింది. జపాన్ జాలర్లు వల లాగే పాట. మొదట అందరూ నవ్వారు. ఒకరిద్దరు ఆ కూతని అనుకరించి వెక్కిరించారు. మా అయ్య మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఆగండెహె. ఈల్లు లాగతన్నారు. వల బరువుగా ఉన్నాది... మంది సాల్లేదు... ఇదిగో, ఇక్కడ, ఇక్కడ ఊపిరి తీసినారు. ఇప్పుడు లాగు!" అని, నిజంగానే గాలిలో తాడు పట్టుకుని లాగాడు. "సలి ఊరు మేడమ్మా ఇది. సేతులు మొద్దుబారిపోతే గాని ఇలాగ కొట్టి పాడరు."

మేడం నా భుజం పట్టుకుని కుదిపేసింది. "ఇన్నావా? ఇన్నావా నూకరత్నం? ఒక్క ముక్క భాష రాదు ఆయనకి! నాను ఇరవై ఏల్లు ఇన్నాను, నాకు తెలీలేదు ఆ సలి!" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. సాయంత్రం వల దిగినప్పుడు ఆవిడ కుచ్చిళ్లు దోపుకుని తాడు పట్టుకుంది. మా అయ్య మాట విసిరితే వెనక వరసలోంచి ఆ జపాన్ కూత కేక పెట్టి అందుకునేది. రెండు కేకలకీ మా ఊరి ఆడవాళ్లు కూడా గొంతు కలిపారు. ఆ రోజు పడింది కాసిని కవ్వళ్ల చేపలే గాని, ఊరు మాత్రం అంతలా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. అదంతా నేను ఆవిడ ఫోనులో రికార్డు చేశాను.

తాడు చుట్టేటప్పుడు ఆవిడ మా అయ్య కాళ్లు చూసింది. కబుర్లాడుతూనే వంగి, చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కింది. గుంట పడింది. పూడలేదు. ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఎందుకంటే ఆ వాపు నేను మూడు నెలలుగా చూస్తున్నాను. మా వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ఖాళీ చేసిందో నాకు తెలుసు. రోజూ పదిమంది రక్తం పరీక్ష చేస్తూ, మా అయ్యది మాత్రం చెయ్యలేదు. చేస్తే తెలిసిపోతుంది కాబట్టి.

మర్నాడు ఆవిడ నన్ను తిట్టలేదు. "ఎవుల్ది వాల్లు సూసుకోడం కస్టమే" అని మాత్రం అంది. పరీక్షకి రమ్మని నేను ఫోను చేస్తే అయ్య రానన్నాడు. సూదంటే భయం, ఫలితమంటే ఇంకా భయం. "తెలిస్తే మంచాన పడతాను. తెలీకపోతే సముద్రానికి ఎల్తాను" అన్నాడు. మేడం ఫోను లాక్కుని, "తమ్ముడూ, పరీచ్చ గోల నాకు తెలీదు. గవ్వల దెయ్యం కథ ఒకటి ఉన్నాది, సముద్రపోడు ఇంటేనే దానికి అందం. ఒకసారి వచ్చి ఇనిపో" అంది. దెయ్యం కథంటే మా అయ్యకి ప్రాణం. వచ్చాడు.

ఆవిడ ఆయన పక్కన కూర్చుని ఆ పుస్తకం విప్పింది. ప్రతి గడీ చూపిస్తూ, మా ఊరి మాటలోనే కథ చెప్పసాగింది. గవ్వలో రేపటి మాటలు వినబడేసరికి అయ్య నోరు తెరిచేశాడు. నేను ఆయన రెండో చేతికి పట్టీ కట్టాను. గవ్వలో మాట లేని చోటికి వచ్చేసరికి, "ఒలమ్మో, మాట నేదా? అయితే రేపు ఆ గుంటపిల్ల నేదన్నమాటే! తిప్పు మేడమ్మా, తిప్పు!" అంటూ ఊగిపోయాడు. ఆవిడ తిప్పలేదు. నా వైపు చూసి కళ్లతోనే సైగ చేసింది. నేను సూది దించాను. ఆవిడ పేజీ తిప్పింది. ఆయన "అమ్మ బాబోయ్!" అని అరిచింది సూదికి కాదు, ఆ చెవుల్ని చూసి. రక్తం అప్పటికే గొట్టంలోకి వచ్చేసింది.

ఫలితం ఉండాల్సినదానికంటే ఎక్కువే వచ్చింది. మేడం నమూనా మళ్లీ పెట్టి రెండోసారి చూసింది. అంతే వచ్చింది. నా చేతిలోంచి కాగితం ఆవిడే తీసుకుని అయ్య ముందు కూర్చుంది. "తమ్ముడూ, ఉన్నది ఉన్నట్టు సెప్తన్నాను. కిడ్నీలు దెబ్బతిన్నాయి. సచ్చిపోలేదు. తొందరగా దొరికినావు. ఒల్లు నొప్పులకి దినదినం మింగతావే ఆ బిల్లలు, అవి ఇయాల్టితో బంద్. ఉప్పు చేప బంద్. రేపు శ్రీకాకుళం ఎల్లి పెద్ద డాక్టరుకి సూపిద్దాం, నానూ వస్తాను." అయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "ఇంతేనా?" అన్నాడు. "ఇంతే. దీనెనక పేజీ నేదు" అంది ఆవిడ. ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. నేను వెనక గదిలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాను. అది సంతోషమో, మూడు నెలల భయమో ఇప్పటికీ చెప్పలేను. అయ్య ఇప్పుడు సముద్రం మీదికి పోడు. తీరాన కూర్చుని వలలు బాగుచేస్తాడు. మాత్రలు వేసుకుంటాడు, ఉప్పు చేప కోసం మా అమ్మతో రోజూ తగువు పెట్టుకుంటాడు. అలా తగువు పెట్టుకోవడానికి ఆయన ఉన్నాడు.

ఇక ఆ రికార్డింగు సంగతి. మేడం వీడియోలన్నీ గాలించి, ఉత్తర జపాన్‌లో ఒక చిన్న రేవు ఊళ్లో పల్లెపాటలు నేర్చుకునే సంఘం ఒకటి ఉందని పట్టుకుంది. ఫోను చేసిపెట్టే అనువాదంతో ఒక ఉత్తరం రాసి, మా అయ్య పాట జతచేసి పంపింది. ఒక నెల గడిచింది, రెండు గడిచాయి. రోజూ పొద్దున్నే ఫోను చూసి, "ఇంకా రాలేదు" అని స్లైడ్ల దగ్గరికి పోయేది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం వెనక గదిలోంచి పెద్ద కేక వినబడింది. నేను సిరంజి వదిలేసి పరిగెత్తాను. ఆవిడ ఫోను రెండు చేతులా పట్టుకుని గంతులేస్తోంది. "వచ్చినాది! వచ్చినాది! ఒసే, జవాబు వచ్చినాది!"

వీడియోలో ఒక చిన్న హాలు. నేల మీద ముప్పై మంది దాకా ముసలివాళ్లు. మధ్యలో పెట్టిన స్పీకరులోంచి మా అయ్య గొంతు, మా సముద్రం హోరు. అంతా కదలకుండా వింటున్నారు. పాట అయ్యాక తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన ఏదో అన్నాడు. కింద అనువాదం రాసి పంపారు: "ఈ తీరంలో ఇసక మెత్తన. లాగేవాళ్ల కాళ్లు దిగబడుతున్నాయి. అందుకే ప్రతి మాట చివరా ఊపిరి ఇలా వదులుతున్నారు." తర్వాత అందరూ లేచి నిలబడి హైలెసా అన్నారు, వాళ్ల నోటికి వచ్చినట్టు. బయట వరసలో ఉన్న జనాన్నందర్నీ లోపలికి పిలిచి మేడం ఆ వీడియో మూడుసార్లు చూపించింది. సాయంత్రం ఇద్దరం కలిసి భావనపాడు పోయి అయ్యకి చూపించాం. ఆయన వంగి తన కాళ్ల కింది ఇసక వైపు చూసుకున్నాడు. "ఆడికెలా తెలిసిందే?" అన్నాడు. ఆ ప్రశ్న ఆయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు.

పెళ్లయ్యాక నేను విజయనగరం వచ్చేశాను. నెలకొక ఆదివారం రైలెక్కి కోటబొమ్మాళి వెళ్లేదాన్ని. చివరి ఏడాది చక్కెర జబ్బు ఆవిడ కళ్లు తినేసింది. బొమ్మలు మసకలయ్యాయి. ల్యాబు వేరేవాళ్లకి అప్పగించింది. అప్పుడు నేను చదివిపెట్టేదాన్ని. బొమ్మల కథ చదివిపెట్టడం ఎలాగో మాకిద్దరికీ తెలియదు, చేస్తూ నేర్చుకున్నాం. "కుడిపక్క పైగడిలో ఒక మెట్లదారి మేడం. కింద గడిలో సెప్పులు రెండు, మనిషి నేడు. ఎడంపక్క గడంతా నలుపే." ఆవిడ కళ్లు మూసుకుని నవ్వుతూ, "ఆ నలుపులో గీతలున్నాయా, ఒట్టి సిరాయేనా?" అని అడిగేది. పేజీ చివరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టేది. "ఆగు, తిప్పకు. ఏటొస్తాదో నన్ను సెప్పనీ." చెప్పేది. దాదాపు ప్రతిసారీ తప్పేది. "తప్పు మేడం, సెప్పుల్లో పాదాలే ఉన్నాయి, మనిషి నేడు" అంటే, "అబ్బ! అబ్బబ్బ! ఎంత పనోడే!" అంటూ మంచం మీద చరిచేది. ఓడిపోవడానికి అంత సంతోషించే మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు. ఒక నెల వెళ్లి వచ్చాను. తర్వాతి నెల వెళ్లేలోపే, నిద్రలోనే పోయిందని సాల్మన్ గారు ఫోను చేశారు.

ఆవిడ పోయాక ఆ పుస్తకాలన్నీ నాకిచ్చేస్తారనుకున్నాను. సాల్మన్ గారు ఇవ్వలేదు. పోయినేడు ఒక రోజు పొద్దున్నే ఫోను చేసి, "అమ్మా, మూడో పుస్తకం పూర్తి చేశాను. లైటు తీయకుండానే పడుకున్నాను. ఇవన్నీ చదివి ఆ మనిషి నా పక్కన గురక పెట్టి ఎలా నిద్రపోయేదమ్మా?" అన్నారు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. కాసేపు ఏడ్చాం కూడా. ఫోను పెట్టేసే ముందు ఆయన, "నాలుగోది ఇంకా భయంగా ఉంటుందా?" అని అడిగారు. ఉంటుందని చెప్పాను. "సరే అయితే" అన్నారు.

నాకు ఆవిడ నేర్పిన పని రక్తం తీయడం. దానితోపాటు అబ్బింది ఇంకొకటి ఉంది. నచ్చినదాన్ని గొంతు తగ్గించి చెప్పకపోవడం, భయపడినదాని దగ్గరికి కుర్చీ జరుపుకుని కూర్చోవడం. అది నాకు పూర్తిగా వచ్చిందని అనను. కానీ పార్సిల్ వచ్చిన ఆ మధ్యాహ్నమే, భోజనాలయ్యాక, ఒక ముసలాయన పరీక్షకి వచ్చాడు. చొక్కా చేయి మడవకుండా గుప్పిట బిగించుకుని కూర్చున్నాడు. పక్కనున్న కొడుకు ఎంత నచ్చజెప్పినా వినడం లేదు. నేను సూది పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"ఏటి తాతా, బయమేస్తందా?"

ఆయన తలెత్తి నన్ను పరీక్షగా చూశాడు. "మీదే ఊరమ్మా?"

"భావనపాడు. నా పేరు నూకరత్నం. మా అయ్య వల లాగేటప్పుడు పాట ఎత్తుకునేవోడు."

"పాటా? ఏ పాట?" అన్నాడు ఆయన. నేను ఎత్తుకున్నాను. ఆయన గుప్పిట విప్పి చెయ్యి చాచాడు.